నష్టకాలమున కూలి ఒప్పందము

బడి తెరచిన కొలదినాళ్లకు ఒక పిల్లవాడు రుసుము తేలేదు. కారణ మడిగినచో, ‘నాయనకు ఈ వారము పగారు రాలేదు’ అని నేల చూచుచు చెప్పును. అదే తరగతిలో ముందు బల్లపై కూర్చున్న మరియొక పిల్లవాని తండ్రి, ఆ పగారు ఇయ్యవలసిన కార్ఖానాదారుడే కావచ్చును. మన కుంఠా నాకా ప్రాంతమున ఇది అరుదైన సంగతి కాదు. పని చేయువారును పని ఇచ్చువారును ఒకే భాష మాటలాడుదురు. ఒకే గుడికి పోవుదురు. ఒకే బడికి పిల్లలను పంపుదురు.

నూలు ధర పెరిగినదనియు, చద్దరులును టవళ్లును గోదాములో పేరుకొన్నవనియు, కొన్నవారు బాకీలు తీర్చలేదనియు ఒకరు చెప్పుదురు. ఇంటి అద్దె, బియ్యము, మందులు, బడి రుసుము వేచియుండవని మరియొకరు చెప్పుదురు. రెండు మాటలును నిజములు కావచ్చును. అట్టి సమయమున కూలి యెంత తగ్గవచ్చును, ఎచ్చట ఆగవలెను, తగ్గిన కూలి మరల ఎప్పుడు రావలెను అను ప్రశ్నలకు సమాధానము ముందుగా తెలిసియుండుట ఉభయులకును మేలు. ఈ విషయమున మన పట్టణపు చరిత్రయు, దేశపు చట్టమును, దూరదేశపు అనుభవమును ఏమి చెప్పుచున్నవో తల్లిదండ్రుల యెదుట ఉంచుట మా ఉద్దేశము.

పాత మిల్లు కథ

పెద్దలు ‘జూనీ మిల్లు’ అని చెప్పుకొను షోలాపూర్ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ కంపెనీని 1870 దశకమున బొంబాయి వర్తకుడు మొరార్జీ గోకుల్‌దాసు నెలకొల్పెను. తరువాత నర్సింగ్‌గిర్జీ, లక్ష్మీ, విష్ణు మొదలగు మిల్లులు వెలసినవి. తెలంగాణ జిల్లాలనుండి వలస వచ్చిన మన పద్మశాలి కుటుంబములు ఇచ్చట చేనేతను నిలిపినవి, మిల్లులలోను చెమటోడ్చినవి.

స్వాతంత్ర్యము వచ్చిన రెండేండ్లకు పాత మిల్లు కష్టములలో పడినది. 1949 జూలై 27న మిల్లు మూయబోవుచున్నామని డైరెక్టర్లు నోటీసు ఇచ్చిరి. నెల తిరుగగానే, ఆగస్టు 27న, మిల్లు మూతబడినది. నవంబరులో భారత ప్రభుత్వము ఆ కంపెనీ వ్యవహారములపై ఒక కంట్రోలరును నియమించెను. మిల్లు నడుపుటకు సొమ్ము కావలెను. కంపెనీకి 100 రూపాయల ప్రిఫరెన్సు వాటాలు 32,000 ఉండెను. వాటిపై 50 రూపాయల చొప్పుననే చెల్లింపు జరిగియుండెను. మిగిలిన 50 రూపాయలను రాబట్టినచో 16 లక్షలు చేరును. ఆ సొమ్మును వాటాదారుల నడుగుడని కంట్రోలరు కోరగా డైరెక్టర్లు ఒప్పుకొనలేదు.

అపుడు 1950 జనవరి 9న గవర్నరు జనరలు ఒక ఆర్డినెన్సు ద్వారా మిల్లు నిర్వహణమును ప్రభుత్వపరము చేసెను. ఏప్రిలు నెలలో పార్లమెంటు దానిని చట్టముగా చేసినది. ఒకే ఒక కంపెనీ కొరకు దేశపు పార్లమెంటు చట్టము చేయుట విశేషము. ఆ చట్టపు పీఠికలో చూపిన కారణములు రెండు: నిర్వహణలోని అవకతవకలవలన అత్యవసరమైన వస్తువు ఉత్పత్తి దెబ్బతిన్నది, ఒక వర్గపు ప్రజలలో తీవ్రమైన నిరుద్యోగము కలిగినది. ఆ ‘ఒక వర్గము’ మన పట్టణపు మిల్లు కార్మికులే.

వాటాదారులు ఊరకుండలేదు. చిరంజిత్ లాల్ చౌధురీ అను వాటాదారుడు నేరుగా సుప్రీముకోర్టు కెక్కెను. 1950 డిసెంబరు 4న అయిదుగురు న్యాయమూర్తులలో ముగ్గురు చట్టమును నిలిపిరి, ఇద్దరు విభేదించిరి. పిమ్మట ద్వారకాదాస్ శ్రీనివాస్ అను ప్రిఫరెన్సు వాటాదారుడు, కొత్త డైరెక్టర్లు మిగిలిన 50 రూపాయలను అడిగినందుకు వ్యాజ్యము వేసెను. 1953 డిసెంబరు 18న సుప్రీముకోర్టు అతని పక్షమున తీర్పు చెప్పినది. పరిహారము లేకుండ ఆస్తిని తీసికొనుటగా ఆ చర్యను న్యాయస్థానము భావించినది. ఇట్టి తీర్పుల ఫలితముగా 1955లో రాజ్యాంగమునకు నాల్గవ సవరణ జరిగినది. ప్రజాహితము కొరకుగాని, సక్రమ నిర్వహణము కొరకుగాని, ఒక ఆస్తి నిర్వహణమును ప్రభుత్వము కొంతకాలము చేపట్టుటకు ఆ సవరణ దారి కల్పించినది. రాజ్యాంగ గ్రంథమున షోలాపురము ముద్ర ఈ విధముగా పడినది.

ఈ కథలో మనము గమనింపవలసిన దొకటి కలదు. సంవత్సరముల తరబడి జరిగిన వాదము వాటాదారుని 50 రూపాయలను గూర్చినది. వాటాదారుని చేతిలో వాటాపత్రము ఉండెను. అందు అతడు ఎంత ఇచ్చినదియు, ఎంత బాకీ ఉన్నదియు వ్రాసియుండెను. పీఠికలో ప్రస్తావింపబడిన కార్మికుడు మాత్రము ఆ వ్యాజ్యములలో కక్షిదారుడు కాడు. మిల్లు మూతబడిన దినములకు అతనికి ఎవరు ఎంత బాకీ పడిరో చెప్పగల పత్రమేదియు నాటి చట్టము అతని చేతికి ఇయ్యలేదు.

చట్టము తెచ్చిన మార్పు

1947 నాటి పారిశ్రామిక వివాదముల చట్టములో, మిల్లు నిలిచినపుడు కార్మికునికి పరిహార మియ్యవలెనను నియమము తొలుత లేదు. 1953 అక్టోబరు 24 నుండి ఆ లోటు కొంత తీరినది. పని లేక కొన్నాళ్లు కూర్చుండబెట్టినచో మూలవేతనమును కరువు భత్యమును కలిపి అందు సగము ఇయ్యవలెననియు, పనినుండి తొలగించినచో సర్వీసు చేసిన ప్రతి సంవత్సరమునకు 15 దినముల వేతనము ఇయ్యవలెననియు నియమ మేర్పడినది. 1957లో కార్ఖానాను శాశ్వతముగా మూసినపుడు ఇయ్యవలసిన పరిహారము కూడ చేర్చబడినది. యజమాని చేతిలో లేని అనివార్య కారణమున మూసినచో ఆ పరిహారము మూడు నెలల వేతనమునకు మించదు. అయితే డబ్బు ఇబ్బందిగాని, అమ్ముడుపోని సరకు పేరుకొనుటగాని అంతమాత్రమున అనివార్య కారణము కాజాలదని చట్టమే వివరించినది. గోదాములో చద్దరులు నిలిచియున్న ఊరివారమైన మనము జ్ఞప్తియం దుంచుకొనదగిన వివరణ ఇది.

మరుసటి సంవత్సరము, అనగా 1958లో, అప్పటి బొంబాయి రాష్ట్రము మరియొక చట్టము చేసినది. నిరుద్యోగమును నివారించుటకై ఏదేని కార్ఖానాను ‘సహాయక సంస్థ’గా ప్రకటించి ప్రభుత్వము నడుపవచ్చును. అట్లు ప్రకటించిన కాలమున ఆ సంస్థ పాత అప్పుల వసూలును నిలుపవచ్చును. కొన్ని కార్మిక చట్టములను, వేతన ఒప్పందములను, తీర్పులను సైతము నిలుపవచ్చును, మార్చవచ్చును. పని నిలుచుట కొరకు కూలి ఒప్పందమును తాత్కాలికముగా పక్కన పెట్టవచ్చునని చట్టమే అంగీకరించినదన్నమాట. ఈ బేరము కఠినమైనది. అయినను అది ‘కొంతకాలము’ అను హద్దుతో కూడినది. హద్దు లేని త్యాగమును ఏ చట్టమును కోరలేదు.

నాటి ప్రభుత్వ నిర్వహణమువలన పాత మిల్లుకు ఆయువు కొంత పెరిగినదేగాని అది శాశ్వతముగా నిలువలేదు. తక్కిన పెద్ద మిల్లులును కాలక్రమమున మూతబడినవి. పనిచేయు చేతులు పవర్‌లూములకు, అనగా మన సాంచాలకు, తరలినవి.

కూలికి మూడు మెట్లు

కూలి యెంత తగ్గవచ్చునను ప్రశ్నకు సమాధానము కూడ మన దేశమున చాల కాలమునుండి రూపొందుచు వచ్చినది. ఇందును షోలాపురమునకు పాత్ర కలదు. 1925లో బొంబాయి ప్రభుత్వపు లేబరు ఆఫీసు ఈ పట్టణపు మిల్లు కార్మికుల ఇండ్ల ఆదాయ వ్యయములను విచారించినది. కార్మికుని ఇంట ధాన్యమునకు ఎంత, గుడ్డకు ఎంత, అద్దెకు ఎంత, వడ్డీకి ఎంత పోవుచున్నదో లెక్క కట్టక కూలిని గూర్చి మాటలాడుట వ్యర్థమని అప్పుడే గుర్తింపబడినది.

1948లో కనీస వేతనముల చట్టము వచ్చినది. అదే కాలమున ప్రభుత్వము నియమించిన న్యాయమైన వేతనముల కమిటీ కూలిని మూడు మెట్లుగా విభజించినది. అడుగున కనీస వేతనము; దానిపై న్యాయమైన వేతనము; అన్నిటికి పైన జీవన వేతనము. కనీస వేతనము బ్రతుకుటకు మాత్రమే గాక, పని చేయు శక్తిని నిలుపుకొనుటకును, కొంత విద్యకును వైద్యమునకును చాలవలెనని ఆ కమిటీ తలచినది. న్యాయమైన వేతనము పరిశ్రమ ఇయ్యగల శక్తిని బట్టి యుండును.

1957 జూలైలో జరిగిన పదునైదవ భారత కార్మిక మహాసభ ఈ కనీస వేతనమునకు కొలతలు నిర్ణయించినది. భర్త, భార్య, ఇద్దరు పిల్లలు గల కుటుంబమును మూడు పాళ్లుగా లెక్కింపవలెను. ఒక్కొక్క పాలునకు దినమునకు 2,700 కెలొరీల ఆహారము. మనిషికి సంవత్సరమునకు 18 గజముల చొప్పున నలుగురికి 72 గజముల గుడ్డ. ఇంటి అద్దె. వంటచెరకు, దీపము, ఇతర ఖర్చులకు మొత్తము వేతనములో నూటికి 20 వంతులు. దేశమునకు గుడ్డ నేయువాని ఇంట నలుగురికి సంవత్సరమునకు 72 గజముల గుడ్డయైన ఉండవలెనని చెప్పిన ఈ లెక్క నేతవారి పిల్లలకు బడిలో నేర్పదగినది. 1991లో సుప్రీముకోర్టు ఈ కొలతలకు మరియొకటి చేర్చినది. పిల్లల చదువు, వైద్యము, పండుగలు, వృద్ధాప్యము, వివాహములు మొదలగువాని కొరకు కనీస వేతనములో నాల్గవ వంతు ఉండవలెనని చెప్పినది. అనగా బడి రుసుము కూలిలో మిగిలినపుడు కట్టునది కాదు. కూలిని నిర్ణయించునపుడే అందు చేర్చవలసినది.

మరి నష్టకాలమున ఏ మెట్టువరకు దిగవచ్చును? 1957లోనే క్రౌన్ అల్యూమినియం వర్క్స్ వివాదమున సుప్రీముకోర్టు దీనిని తేల్చినది. కనీస వేతనమైనను ఇయ్యలేని పరిశ్రమకు నిలుచు హక్కు లేదు. కనీసమునకు పైనున్న వేతనమును మాత్రము, సంస్థ ఆర్థిక స్థితి నిజముగా దిగజారినచో, తగ్గించుట తప్పు కాకపోవచ్చును. ఈ తీర్పు ఉభయులకును వర్తించును. ‘ఒకసారి పెరిగిన కూలి యెన్నటికిని తగ్గరాదు’ అని కార్మికుడు పట్టుబట్టరాదు. ‘నష్టము వచ్చినది గనుక ఎంతైన తగ్గించెదను’ అని యజమాని పట్టుబట్టరాదు. 1982లో సుప్రీముకోర్టు మరియొక అడుగు ముందుకు వేసి, కనీస వేతనమునకు తక్కువ కూలికి పని చేయించుకొనుట రాజ్యాంగము నిషేధించిన వెట్టిచాకిరితో సమానమని చెప్పినది.

విమాన సంస్థలు నేర్పిన పాఠములు

ఇప్పుడు కొంతసేపు మన సాంచాలను విడిచి విమానముల వైపు చూతము. విమాన సంస్థకును పవర్‌లూము కార్ఖానాకును పోలిక యేమని తల్లిదండ్రులు అడుగవచ్చును. పోలిక ఖర్చులలో ఉన్నది. విమాన సంస్థకు ఇంధనపు ధర ప్రపంచ విపణి నిర్ణయించును. విమానముల అద్దె ముందే వ్రాసియుండును. ఈ రెంటిలో సంస్థ చేయి సాగదు. చేయి సాగు ఖర్చు ఉద్యోగుల వేతనమొక్కటే. మన కార్ఖానాదారునికి నూలు ధరయు, విద్యుచ్ఛక్తి ధరయు, బ్యాంకు వాయిదాయు అట్టివే. కనుక కష్టము రాగానే ఉభయత్రా ముందుగా కత్తిపడునది కూలిమీదనే. పెద్ద సంస్థలలో జరిగినది బహిరంగముగా జరుగును గనుక దానినుండి నేర్చుకొనుట సులభము.

2003లో అమెరికా దేశపు అమెరికన్ ఎయిర్‌లైన్స్ దివాలా అంచున నిలిచినది. విమాన చోదకులు, విమానములోని పరిచారికలు, నేలపై పనిచేయువారు, ఈ మూడు వర్గముల సంఘములును సంస్థను నిలుపుటకై సంవత్సరమునకు సుమారు 160 కోట్ల డాలర్ల మేర వేతనములను సదుపాయములను వదలుకొనుటకు ఏప్రిలు నెలలో సమ్మతించినవి. ఓట్లు వేయుట ముగిసిన సమయముననే మరియొక సంగతి బయటపడినది. పై అధికారులను నిలుపుకొనుటకై ప్రత్యేక బోనసులును, దివాలా వచ్చినను చెడిపోకుండ వారి పింఛనులకై వేరుగా నిధియు అంతకు ముందే ఏర్పరుపబడినవి. ఉద్యోగుల కోపమునకు హద్దు లేకపోయెను. బోనసులు రద్దయినవి. సంస్థాధ్యక్షుడు డొనాల్డ్ కార్టీ క్షమాపణ చెప్పి, ఏప్రిలు 24న పదవి వదలెను. ఒప్పందమును సవరించి నిలిపిరిగాని చెడిన విశ్వాసము త్వరగా కుదురుకొనలేదు. 2011 నవంబరులో ఆ సంస్థ చివరకు దివాలా రక్షణ కోరినది. ఉద్యోగులు కూలి తగ్గించుకొనుటకు సిద్ధపడిరి. వారు సహింపలేనిది దాచిన లెక్క.

రెండవ ఉదాహరణము మన దేశపుది. జెట్ ఎయిర్‌వేస్ సంస్థ 2018 నుండియే జీతములు సకాలమున ఇయ్యలేకపోయినది. 2019 ఏప్రిలు 17న విమానములన్నియు నిలిచినవి. వేలకొలది ఉద్యోగులు జీతపు బాకీలతో వీథిని పడిరి. జూన్ 20న దివాలా విచారణ ఆరంభమైనది. కొనుటకు ముందుకు వచ్చిన వారి ప్రణాళికకు 2021లో ఆమోదము లభించినను అది ఆచరణకు రాలేదు. 2024 నవంబరు 7న సుప్రీముకోర్టు ఆ సంస్థ ఆస్తులనమ్మి బాకీలు తీర్చవలెనని ఆదేశించినది. విమానములు ఆగిన దినమునకును ఈ ఆదేశమునకును నడుమ అయిదున్నర సంవత్సరములు గడచినవి. అయిదవ తరగతి చదువుచున్న ఉద్యోగి బిడ్డ పదవ తరగతి దాటు కాలమిది.

సంస్థ మునిగినపుడు బాకీదారులందరు వరుసలో నిలువవలెను. 2016 నాటి దివాలా స్మృతి ప్రకారము, కంపెనీ ఆస్తులమ్మగా వచ్చిన సొమ్ములో మొదట విచారణ ఖర్చులు పోవును. పిమ్మట కార్మికులకు రావలసిన 24 నెలల బాకీయు, తాకట్టు పెట్టుకొని అప్పిచ్చిన బ్యాంకుల బాకీయు సమానస్థానమున నిలుచును. తక్కిన ఉద్యోగుల 12 నెలల జీతము వాని తరువాత వచ్చును. ప్రావిడెంటు ఫండు, గ్రాట్యుటీ నిధులు ఈ వరుసలో కలియవు, అవి కార్మికులవి. అందుచేత జీతము నిలిచిన ప్రతి నెల గడచుచున్నకొలది కార్మికుడు తెలియకయే సంస్థకు అప్పిచ్చినవాడగును. తాకట్టు మాత్రము పెట్టుకొనడు.

మన సాంచాల సంగతి

పై నియమములలో కొన్ని మన చిన్న కార్ఖానాలకు వర్తింపవని ఒప్పుకొనవలెను. దివాలా స్మృతిలోని పై వరుస కంపెనీలకు సంబంధించినది. మన కార్ఖానాలు పెక్కు ఒక కుటుంబపు సొంతమో, భాగస్వాముల ఉమ్మడియో. పని లేని దినములకు సగము కూలి యను నియమము 50 మంది పనివారికి తక్కువ గల కార్ఖానాలను తాకదు. మూయుటకు ప్రభుత్వపు అనుమతి కావలెనను నియమమునకు 2020 నాటి పారిశ్రామిక సంబంధముల స్మృతి 300 మంది అను హద్దు పెట్టినది.

అయినను అందరికి వర్తించు నియమములును కలవు. 2019 నాటి వేతనముల స్మృతియు, పై పారిశ్రామిక సంబంధముల స్మృతియు 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చినవి. వాని ప్రకారము వారపు కూలిని వారపు సెలవుకు ముందు, నెల జీతమును మరుసటి నెల 7వ తేదీ లోపల ఇయ్యవలెను. పని మానినను, తొలగించినను, కార్ఖానా మూసినను రెండు పనిదినములలో లెక్క తీర్చవలెను. కనీస వేతనమునకు తక్కువగా ఒప్పుకొని చేవ్రాలు చేసినను ఆ ఒప్పందము చెల్లదు. కూలి రేటు మార్చదలచినచో 21 దినముల ముందు నోటీసు ఇయ్యవలెను. రాని కూలి కొరకు మూడు సంవత్సరముల లోపల అధికారి యెదుట అర్జీ పెట్టుకొనవచ్చును.

చట్టము చెప్పని మాట కూడ ఒకటి కలదు. మన కార్ఖానాదారులలో పలువురు నిన్నటి నేతగాండ్రే. నష్టము వచ్చినపుడు వారి ఇంటి బంగారము కూడ తాకట్టునకు పోవును. కనుక యజమాని ‘నష్టము’ అనగానే అబద్ధమనుకొనుట న్యాయము కాదు. అయితే నిజమైన నష్టమునకు లెక్క యుండును. నూలు కొన్న బిల్లులు, విద్యుత్తు బిల్లులు, గోదాములోని సరకు, రావలసిన బాకీలు, బ్యాంకు వాయిదాలు, ఈ అయిదింటిని చూపినచో స్థితి తెలియును. లెక్క చూపుట యజమానికి అవమానము కాదు. లెక్క అడుగుట కార్మికునికి అవిధేయత కాదు. తగ్గింపు కోరువాడు కారణము చూపవలెను, అంతే.

తగ్గింపు వ్రాయు విధము

నోటిమాటతో తగ్గిన కూలి ఎంత దూరము పోవునో ఒక ఉదాహరణము చూతము. ఒక కార్మికునికి నెలకు 16,000 రూపాయలు వచ్చుచున్నవనుకొందము. ఆరు నెలల కొరకు పదవ వంతు తగ్గించుకొనుటకు అతడు ఒప్పుకొనెను. నెలకు 1,600 చొప్పున ఆరు నెలలకు 9,600 రూపాయలు. ‘సరే, 9,600 పోయినది’ అని అతడనుకొనును. ఆరు నెలలు గడచినను పాత రేటు మరల రాకున్నచో ప్రతి సంవత్సరమును 19,200 పోవుచుండును. అంతటితో తీరదు. గ్రాట్యుటీ చివరి వేతనమును బట్టి లెక్కింపబడును. తాను కొలత ప్రకారము కూలి తీసికొనువారికి చివరి మూడు నెలల సగటును బట్టి లెక్కింపబడును. ఇరువది సంవత్సరములు పని చేసినవాడు తగ్గిన కూలిపై పని మానినచో, నెలకు 1,600 తేడాకు 15 దినముల పాలు 923 రూపాయలు. ఇరువది యేండ్లకు సుమారు 18,460 రూపాయలు. ఆరు నెలల త్యాగము ఇరువది యేండ్ల కష్టములోనుండి కూడ కొంత కోసికొనిపోవును. గ్రాట్యుటీ పది మంది పనిచేయు కార్ఖానాలలోను ఇయ్యవలసినదే గనుక ఈ లెక్క మన వీథులకు దూరము కాదు.

కనుక నష్టకాలపు ఒప్పందమున ఈ సంగతులు వ్రాసియుండవలెనని మా అభిప్రాయము.

మొదటిది: తగ్గించిన పిమ్మట వచ్చు కూలి కనీస వేతనమునకు తక్కువ కారాదు. ప్రభుత్వము ప్రకటించిన రేటును ముందుగా తెలిసికొని ఒప్పందములోనే వ్రాయవలెను.

రెండవది: తగ్గింపు ఏ తేదీనుండి ఏ తేదీవరకో వ్రాయవలెను. ఆ తేదీ దాటగానే, మరల మాటలాడ నవసరము లేకుండ, పాత రేటు తనంత తానే రావలెను.

మూడవది: తగ్గించిన మొత్తము వదలుకొన్నదా, బాకీగా ఉంచినదా స్పష్టముగా చెప్పవలెను. బాకీ యైనచో ప్రతి కార్మికుని పేర ఒక పుస్తకమున వ్రాసి, తీర్చు వాయిదాలను నిర్ణయింపవలెను. పాత మిల్లు వాటాదారునికి వాటాపత్రమున్నట్లు, కార్మికునికి ఈ పుస్తకము ఉండవలెను.

నాల్గవది: గ్రాట్యుటీ, ప్రావిడెంటు ఫండు మొదలగువానిని తగ్గింపునకు ముందున్న రేటు ప్రకారము లెక్కింపవలెనని ఒక వాక్యము చేర్చవలెను.

అయిదవది: యజమాని కుటుంబము తీసికొను సొమ్మును, గుమాస్తాల జీతమును కూడ ఆ కాలమున ఏ మేరకు తగ్గినదో చెప్పవలెను. అమెరికా విమాన సంస్థలో విశ్వాసము చెడినది ఇట్టి సంగతి దాచుటచేతనే.

ఆరవది: నెలకొకసారి లెక్క చూచుటకు ఉభయులకు నమ్మకమైన ఇద్దరు ఉండవలెను. నూలు ధర దిగి, సరకు కదలినచో గడువుకు ముందే కూలి పెరుగవలెను.

ఇట్టి ఒప్పందమువలన యజమానికిని లాభమే. సాంచా ఆడించు నేర్పరి పనివాడు ఒకసారి వేరు చోటికి పోయినచో, మంచి కాలము వచ్చినపుడు అతడు దొరకడు. ఆరు నెలలు కష్టము పంచుకొన్న పనివాడు మిగిలియుండుటకు వ్రాతలోని మాటయే పూచీ.

బడికిని దీనికిని సంబంధము

ఇదంతయు కార్మిక సంఘముల పని గాని పాఠశాల పత్రికకేల యని కొందరనవచ్చును. మాకు రెండు కారణములు తోచినవి.

ఒకటి. ఈ పట్టణమున ఒప్పందములు మరాఠీలోనో ఇంగ్లీషులోనో వ్రాయబడును. మన తల్లిదండ్రులలో పెక్కురు లెక్క తెలిసినవారే, తెలివి గలవారే. ఆ కాగితము భాష మాత్రము వారికి కొత్త. అర్థము తెలియని కాగితముపై వ్రేలిముద్ర వేయుట పాత అలవాటు. ఇక మీద అట్లు చేయకుండుడని మా మనవి. బడిలో పదవ తరగతి చదువు మీ బిడ్డ మరాఠీయు ఇంగ్లీషును చదువగలడు; ఇంట తెలుగు మాటలాడగలడు. కాగితము వానిచేత చదివించి, ప్రతి వాక్యమును తెలుగున చెప్పించుకొనుడు. చెప్పలేకపోయిన చోట ఉపాధ్యాయుని అడుగుడు. మాతృభాషను నిలుపుకొనుటవలన ప్రయోజనమేమని అడుగువారికి ఇంతకంటె మంచి సమాధానము మాకు తెలియదు.

రెండవది. వాణిజ్యశాస్త్రము చదువుకొన్న మన పిల్లలు లెక్కలు వ్రాయు ఉద్యోగములకు పోవుచున్నారు. సంతోషమే. వారిలో ఇద్దరు నెలకొక సాయంకాలము మన వీథిలోని ఒక కార్ఖానా లెక్క చూచి, ‘ఇంత నష్టము, ఇంత ఓర్చుకొనవచ్చును’ అని ఉభయుల యెదుట చెప్పగలిగినచో, కొట్లాటలో సగము తగ్గును. చదువు ఊరికి ఉపయోగపడుట యనగా ఇదియే.

1949 ఆగస్టులో పాత మిల్లు ద్వారము మూసినపుడు లోపలినుండి వెలుపలికి వచ్చిన వారి చేతిలో కాగితము లేదు. వారి మనుమలును మునిమనుమలును నేడు మన బల్లలపై కూర్చున్నారు. నష్టములు మరల వచ్చును. నూలు ధర మరల పెరుగును. ఆ దినమున ముందు బల్లవాని తండ్రియు వెనుక బల్లవాని తండ్రియు ఒక చాపపై కూర్చుండి లెక్క చూచుకొని, తేదీ వేసి, ఇద్దరును చేవ్రాలు చేయగలిగినచో రుసుము రాలేదని ఏ పిల్లవాడును నేల చూడ నవసరముండదు. అందుకు ఇప్పటినుండియే సిద్ధపడవలెనని తల్లిదండ్రులందరిని కోరుచున్నాము.